సరిహద్దు దాటి ఆలస్యంగా వచ్చే రోగి మరణం ఎవరి లెక్కలోకి వస్తుంది?

సరిహద్దు_సిస్టర్
ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు ఆనుకుని, తెలంగాణ వైపు ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా వార్డుకు వచ్చేవారిలో చాలామంది సుక్మా, బీజాపూర్ జిల్లాల లోపలి ఊళ్ల వాళ్లే. గత నెల సమీక్షా సమావేశంలో మా మలేరియా మరణాల పట్టిక చూపించి, పక్క మండలాల్లో లేని మరణాలు మీ దగ్గరే ఎందుకున్నాయని అడిగారు. అందరి ముందు నిలబడి నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ పట్టికలో చివరి పేరు ఎనిమిదేళ్ల బాబుది. నలుగురు మనుషులు డోలీ కట్టి, మధ్యలో ఒక రాత్రి అడవిలో ఆగి, వాడిని మోసుకొచ్చారు. అప్పటికే జ్వరం వచ్చి ఆరు రోజులైంది, ఫిట్స్ మొదలయ్యాయి, కళ్లు తెరవడం లేదు. కిట్‌లో ఫాల్సిపారం అనే ప్రమాదకర రకం మలేరియా అని తేలిన వెంటనే ఆర్టిసునేట్ ఇంజక్షన్ ఇచ్చాము, గ్లూకోజ్ ఎక్కించాము, రక్తం కోసం మనిషిని పరిగెత్తించాము. చేరిన మూడు గంటలకే ప్రాణం పోయింది. మా రిజిస్టర్‌లో పేరు, వయసు, ఊరు, చేరిన సమయం, మరణించిన సమయం అనే గడులున్నాయి. ఆ ఆరు రోజులు రాయడానికి గడి లేదు. అందువల్ల కాగితం మీద చూస్తే ఆ బిడ్డ మా చేతుల్లో మూడు గంటల్లో చనిపోయినట్టే ఉంటుంది.

ఇలాంటి చోట్ల పనిచేసినవారు ఈ లెక్కను ఎలా రాస్తున్నారు? ఈ ఆలస్యానికి కారణం దూరమా, అక్కడ బలగాలకూ మావోయిస్టులకూ మధ్య ఘర్షణా? బతికి వెళ్లినవాళ్లు ఆ తర్వాత ఏమవుతున్నారో ఎవరికైనా తెలుస్తోందా?

వానాకాలం_డాక్టర్
సిస్టర్, మీరు ఆ సమావేశంలో చెప్పవలసిన జవాబు వైద్యశాస్త్రంలోనే ఉంది. 2005లో బంగ్లాదేశ్, భారత్, ఇండోనేషియా, మయన్మార్ ఆసుపత్రుల్లో తీవ్ర మలేరియా రోగుల మీద పెద్ద పరీక్ష జరిగింది. పాత మందు క్వినైన్ ఇచ్చినవారిలో 22 శాతం మంది చనిపోగా, ఆర్టిసునేట్ ఇచ్చినవారిలో 15 శాతం మంది చనిపోయారు. మనం ఈరోజు వాడుతున్న మందు గొప్పదనం అక్కడే రుజువైంది. కానీ ఆ 15 శాతాన్ని మరోసారి చూడండి. మంచి మందు, ఆసుపత్రి మంచం, పర్యవేక్షణ అన్నీ ఉండి కూడా, తీవ్ర దశకు చేరాక వందలో పదిహేను మంది దక్కలేదు. అదే ఫాల్సిపారం మొదటి రెండు రోజుల్లో దొరికితే మూడు రోజుల మాత్రలతో ఇంట్లోనే తగ్గిపోతుంది.

పక్క మండలం ఆసుపత్రికి రెండో రోజు జ్వరాలు వస్తాయి, మీకు ఆరో రోజు జ్వరాలు వస్తాయి. ఈ రెండింటి మరణాలను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టడమే తప్పు. జ్వరం మొదలైన రోజును రాయని మరణాల పట్టికను నేనైతే సమావేశానికి తీసుకురానివ్వను.

లెక్కల_మాస్టారు
డాక్టర్ గారి మాట ఒప్పుకుంటాను. కానీ సిస్టర్ గారి రెండో ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. డోలీ మోతలు ఆంధ్రప్రదేశ్‌లోని పాడేరు కొండల్లోనూ ఉన్నాయి. అక్కడ ఇప్పుడు సుక్మా, బీజాపూర్ ఉన్న బస్తర్ ప్రాంతంలో ఉన్నంత ఘర్షణ లేదు, అయినా గర్భిణిని కర్రకు కట్టిన దుప్పటిలో మోసుకొస్తున్న ఫోటోలు ప్రతి వర్షాకాలం పత్రికల్లో చూస్తూనే ఉన్నాము. రోడ్డు లేదు, వాగు మీద వంతెన లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. ఇవి చాలవా? ప్రతి ఆలస్యాన్నీ ఘర్షణ ఖాతాలో రాస్తే, వంతెన కట్టవలసినవాళ్లు సులువుగా తప్పించుకుంటారు.

శబరి_గట్టు
మాస్టారూ, పామేడు సంగతి గుర్తుచేస్తాను. అది బీజాపూర్ జిల్లాలోని ఊరు. కానీ ఏళ్ల తరబడి అక్కడికి వెళ్లాలంటే తెలంగాణలోని చర్ల మీదుగానే వెళ్లవలసి వచ్చింది. తమ జిల్లా కేంద్రానికి పోవడానికి పక్క రాష్ట్రం దాటవలసి వచ్చిందంటే అది ఒట్టి దూరం కాదు. ఆ దారులు తవ్వినందువల్ల, మందుపాతరలు పెట్టినందువల్ల, కట్టడానికి కాంట్రాక్టరు రానందువల్ల మూసుకుపోయాయి.

కోయ_బిడ్డ
మాది ఒకప్పుడు కోంటా బ్లాకులోని ఊరు. 2006లో మా నాన్న మమ్మల్ని తీసుకుని ఈ వైపు వచ్చేశారు, అప్పుడు నాకు పదేళ్లు. ఇక్కడ మమ్మల్ని గుత్తికోయలు అంటారు. మాస్టారు గారు అడిగిన ప్రశ్నకు నా చిన్నతనంలోనే జవాబు ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మా ఊరి నుంచి సంతకు దూరం నేను పుట్టకముందు ఎంతో, 2005 తర్వాతా అంతే. మా అమ్మమ్మ ప్రతి వారం ఆ దూరం నడిచి, చింతపండు అమ్మి, ఉప్పు కొనుక్కుని, సంతలో కూర్చునే నర్సమ్మ దగ్గర జ్వరం మాత్రలు తెచ్చేది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ మద్దతుతో సాగిన సల్వాజుడుం మొదలయ్యాక ఆ సంత ఆగిపోయింది. సంతకు వెళ్లిన మగవాళ్లను శిబిరంలో ఆపేస్తున్నారని ఊరంతా చెప్పుకునేవారు. వెళ్లి క్షేమంగా తిరిగొచ్చినవాణ్ణి, పట్నంలో అన్ని రోజులు ఎవరితో మాట్లాడావని లోపలివాళ్లు, అంటే మావోయిస్టులు, పిలిచి అడిగేవారు. ఊరు తగలబడ్డాక కొన్నాళ్లు అడవిలోనే ఉన్నాము. మా తమ్ముడికి జ్వరం వచ్చింది అప్పుడే. నాన్నకు దారి తెలుసు, నడవగలరు, చేతిలో కాస్త డబ్బు కూడా ఉంది. అయినా ఏ రోజు బయలుదేరితే దారిలో ఎవరూ ఎదురుపడరో తేల్చుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. ఈలోగా వడ్డెను, అంటే మా పూజారిని, పిలిచి పూజ చేయించారు. తమ్ముడు ఐదో రోజు పోయాడు.

ఆసుపత్రులకు వచ్చాక చాలామంది అడుగుతారు, మీరు మంత్రాలను నమ్మి ఆలస్యం చేశారా అని. వడ్డె దగ్గరకు వెళ్లినందువల్ల మాకు ఆలస్యం కాలేదు. వెళ్లడానికి ఆయన ఒక్కడే మిగిలాడు.

లెక్కల_మాస్టారు
తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. పాడేరు పోలికతో నేను చెప్పినదాన్ని ఇప్పుడు సరిదిద్దుకుంటాను. రోడ్డు లేని చోట మనిషి జబ్బు చేసిన వెంటనే బయలుదేరి దారిలో ఆలస్యమవుతాడు. మీ దగ్గర బయలుదేరాలా వద్దా అన్నచోటే రోజులు గడిచిపోయాయి. ఈ రెండు ఆలస్యాలనూ విడివిడిగా కొలవాలి. అలా కొలిచిన లెక్క ఎక్కడైనా ఉందా అన్నది మాత్రం నా ప్రశ్నగానే ఉంది.

తల్లీబిడ్డల_తోడు
ఉంది మాస్టారూ. ప్రసూతి మరణాలను పరిశీలించేటప్పుడు మూడు ఆలస్యాలని చెబుతాము. వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. 1994 నుంచీ ఈ పద్ధతిలోనే మాకు నేర్పిస్తున్నారు. నేను ఇరవై ఏళ్లు ఏఎన్‌ఎంగా సరిహద్దు ఉపకేంద్రాల్లో పనిచేశాను. మా సమావేశాల్లో మూడో ఆలస్యం గురించే గంటల తరబడి ప్రశ్నించేవారు, ఎందుకంటే దానికి బాధ్యులు ఎదురుగా కూర్చుని ఉంటారు. మొదటి ఆలస్యానికి బాధ్యులెవరో ఆ గదిలో ఎవరూ పలకరు.

కాన్పు తర్వాత రక్తస్రావం మొదలైతే రెండు గంటల్లో తల్లి చేయి దాటిపోవచ్చు. డోలీకి మనుషులను పోగు చేయడానికే అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది. అందుకే నెలలు నిండగానే ఆసుపత్రి దగ్గర ఉండే వసతికి రమ్మని బతిమాలేదాన్ని. రానన్నవాళ్లు చెప్పే కారణం దాదాపు ఒక్కటే. నేను అక్కడ ఉంటే ఇక్కడ మా ఇంటాయనను ఎవరైనా తీసుకుపోతే పిల్లలకు దిక్కెవరు అనేవారు. ఆ మాటకు నా దగ్గర ఏ కరపత్రంలోనూ జవాబు లేదు.

లెక్కల_మాస్టారు
ఆ మాటకొస్తే, జనన మరణాల మీద కేంద్రం చేసే సర్వే అయిన నమూనా నమోదు వ్యవస్థ 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, ఛత్తీస్‌గఢ్‌లో 137. దేశం మొత్తానికి 97. అంటే సిస్టర్ గారి ఆసుపత్రి ముందున్న వాగు దాటితే తల్లి చనిపోయే ప్రమాదం మూడింతలు. అది కూడా రాయ్‌పూర్, దుర్గ్ లాంటి మైదాన జిల్లాలను కలుపుకుని వచ్చిన సగటు. ఆ సర్వేలో జిల్లాల వారీ సంఖ్యలు రావు కాబట్టి సుక్మా తల్లుల సంగతి ఆ సగటు లోపల కనిపించకుండా పోయింది.

పాత_కాంపౌండర్
నేను సరిహద్దు అవతల ఒక ఉపకేంద్రంలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి రిటైరయ్యాను. మందు ఊరికి చేరడం ఎంత కష్టమో చెప్పాలి. ఒకసారి వానలకు ముందు, నాలుగు నెలలకు సరిపడా మలేరియా మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, బ్యాండేజీ చుట్టలు సంచుల్లో వేసుకుని బస్సు ఎక్కాను. పోలీసు తనిఖీలో దింపేశారు. ఇన్ని మందులు ఎవరికని అడిగారు. గుర్తింపు కార్డు, ఇండెంటు కాగితం చూపించినా సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఒక నెలకు సరిపడా మాత్రమే తీసుకెళ్లనిచ్చారు. బ్యాండేజీలు అసలు ఇవ్వలేదు. వాన మొదలయ్యాక వాగు పొంగి మూడు నెలలు నేను బయటకు రాలేకపోయాను. రెండో నెలలోనే మాత్రలు అయిపోయాయి.

రెండో వైపు సంగతి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. మావోయిస్టులు బంద్ పిలుపు ఇచ్చి దారికి అడ్డంగా చెట్లు నరికిన రోజున టీకాల పెట్టెతో నడిరోడ్డు మీద ఇరుక్కుపోయాను. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసు కరిగిపోయింది, అన్నీ పారబోయవలసి వచ్చింది. ఆ ఊళ్లో తల్లులు పిల్లలను ఎత్తుకుని చెట్టు కింద పొద్దుగూకే దాకా కూర్చున్నారని తర్వాత తెలిసింది. ఆ నెల రిపోర్టులో నా కేంద్రం లక్ష్యం చేరలేదని ఎర్ర సిరాతో రాశారు.

చట్టం_చదివే_అమ్మాయి
బాబాయి గారి అనుభవానికి చట్టంలో పేరుంది. యుద్ధంలో గాయపడినవారికీ రోగులకూ వైద్యం అందించాలన్న జెనీవా ఒప్పందం 1864 నాటిది. 1949 ఒప్పందాలన్నింటిలోనూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం దేశం లోపలి సాయుధ ఘర్షణకూ ఇదే నియమాన్ని వర్తింపజేస్తుంది. మనదేశం ఆ ఒప్పందాలపై సంతకం చేసింది, 1960లో చట్టమూ చేసుకుంది. కానీ అంతర్గత ఘర్షణలకు మరింత వివరమైన రక్షణలిచ్చే 1977 నాటి రెండో అదనపు ప్రోటోకాల్‌లో మనం చేరలేదు. బస్తర్‌లో జరుగుతున్నది శాంతిభద్రతల సమస్యే తప్ప సాయుధ ఘర్షణ కాదన్నది ప్రభుత్వాల వాదన. అందువల్ల ఆరోగ్య కార్యకర్తకు ఎర్రశిలువ గుర్తు ఇచ్చే రక్షణ అక్కడ గట్టిగా నిలబడదు.

అయినా దేశీయ చట్టం చేతులు ముడుచుకుని ఏమీ లేదు. అత్యవసర వైద్యం నిరాకరించడం జీవించే హక్కునిచ్చే 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో చెప్పింది. సల్వాజుడుంకు తోడుగా గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న తీర్పిచ్చింది.

వైద్యుల భయం గురించి మాట్లాడేటప్పుడు డాక్టర్ బినాయక్ సేన్ పేరు తప్పించుకోలేము. ఛత్తీస్‌గఢ్ గ్రామాల్లో పనిచేసిన పిల్లల వైద్యుడు. మావోయిస్టులకు సహకరించారన్న ఆరోపణ మీద 2007 మేలో అరెస్టు చేశారు. 2010 డిసెంబరులో రాయ్‌పూర్ కోర్టు రాజద్రోహం కింద జీవితఖైదు వేసింది. 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. కేసు మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఆ నాలుగేళ్లలో లోపలి ఊళ్లకు వెళ్లాలనుకున్న ఎందరు యువ డాక్టర్లు ఆగిపోయి ఉంటారో ఊహించండి.

నిష్ఠూర_వాది
ఒక మాట సూటిగా అడుగుతాను. అవతలి రాష్ట్రం బాధ్యతను ఇవతలి ఆసుపత్రి మంచాలు, మందులు, రక్తం ఎందుకు మోయాలి? మన మండలం రోగులకు వీటిలో లోటు వస్తే దానికి ఎవరు జవాబు చెబుతారు?

సరిహద్దు_సిస్టర్
నిష్ఠూర_వాది గారూ, మా గుమ్మం దగ్గర డోలీ దించినప్పుడు రాష్ట్రం అడిగే తీరిక ఉండదు. మీరన్న లోటు నిజమే, ఆ బాబు కోసం తెప్పించిన రక్తం మరొకరికి కూడా కావలసినదే. దానికి పరిష్కారం మాకు వచ్చే రోగుల సంఖ్యను బట్టి సరఫరా ఇవ్వడం. ఇప్పుడు మా మండలం జనాభాను బట్టి ఇస్తున్నారు, అవతలివాళ్లు ఆ జనాభాలో లేరు.

అసలు చిక్కు పెద్దాసుపత్రికి పంపవలసి వచ్చినప్పుడు మొదలవుతుంది. కిందటేడు గుండెలో రంధ్రం ఉన్న పాపను నగరానికి పంపాము. అక్కడ ఆధార్‌లో చిరునామా చూసి ఈ రాష్ట్రం పథకం మీకు వర్తించదన్నారు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో ఏ రాష్ట్రంలోనైనా వైద్యం పొందవచ్చని నాకు తెలుసు. కానీ ఆ తండ్రికి ఆ కార్డు లేదు, ఎవరిని అడగాలో తెలియదు, తెలుగూ హిందీ రావు. మూడు రోజులు వరండాలో పడుకుని, పాపను ఎత్తుకుని వెనక్కి వెళ్లిపోయాడు. మా రిజిస్టర్‌లో ఆ పాప పేరు ఎదురుగా 'పెద్దాసుపత్రికి పంపాము' అని ఉంది.

కోయ_బిడ్డ
ఈ వైపు వచ్చి స్థిరపడిన మాకే ఇరవై ఏళ్లయినా ఇక్కడ ఎస్టీ ధ్రువపత్రం రాదు. మా గుంపులు, అంటే మా ఇళ్లున్న చోట్లు, రిజర్వు అడవిలో ఉన్నాయని దోమతెరలు పంచే జాబితాలో మా పేర్లు ఎక్కడం కష్టం. అక్కడి లెక్కలో ఊరు ఖాళీ అయిందని రాశారు, ఇక్కడి లెక్కలో ఊరే లేదు.

మితానిన్_మిత్రుడు
ఇప్పటిదాకా చీకటి వైపే మాట్లాడుకున్నాము, జరిగిన మంచి కూడా చెప్పాలి. 2020 జనవరిలో బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాల్లో మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమం మొదలుపెట్టారు. జ్వరం ఉన్నవాళ్లు వస్తారని కూర్చోకుండా ఇంటింటికీ వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తపరీక్ష చేశారు. మొదటి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షిస్తే 64 వేలకు పైగా మందిలో మలేరియా తేలింది. వారిలో సగానికి పైగా ఏ లక్షణమూ లేనివాళ్లు! అంటే ఆసుపత్రికి ఎప్పటికీ రానివాళ్ల ఒంట్లోనే పరాన్నజీవి దాగి ఉంది. ఎదురుగా కూర్చోబెట్టి మొదటి మాత్ర మింగించి, మిగతావి రోజూ వెళ్లి మింగించారు. తర్వాతి విడతల్లో ఆ శాతం బాగా తగ్గింది.

ఘర్షణ అప్పటికి ఆగలేదు. అయినా వెళ్లగలిగారంటే, వెళ్లింది మితానిన్లు, అంటే ఆ ఊరి ఆడవాళ్లే. 2002లో ఛత్తీస్‌గఢ్ ఈ పద్ధతి మొదలుపెట్టింది. దేశమంతా ఆశా కార్యకర్తలు వచ్చింది ఆ తర్వాతే. మితానిన్ చేతిలో కిట్టు, మాత్రలు ఉన్న ఊళ్లో జ్వరం రెండో రోజు దాటదు. సిస్టర్ అడిగిన ఆరు రోజుల ప్రశ్నకు నాకు తెలిసిన అతి దగ్గరి పరిష్కారం ఇదే.

వానాకాలం_డాక్టర్
ఇది చాలా ముఖ్యమైన మాట. ఒక జాగ్రత్త మాత్రం చేర్చాలి. మధ్య భారత గిరిజనుల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం రెండూ కనిపిస్తాయి. వైవాక్స్ అనే మరో రకం మలేరియాకు పద్నాలుగు రోజులు ఇచ్చే ప్రైమాక్విన్, జీ6పీడీ లోపం ఉన్నవారిలో ఎర్ర రక్తకణాలను చిదిపేయగలదు. మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి రమ్మని చెప్పాలి. చెప్పడం సులువే, రావడానికి దారి ఉండాలి కదా.

సికిల్ సెల్ సంగతి మరింత దిగులు కలిగిస్తుంది. 2023 జులై 1న షహడోల్‌లో జాతీయ కార్యక్రమం మొదలైంది, 2047 నాటికి నిర్మూలన లక్ష్యం. పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు, సంతోషం. కానీ ఆ తర్వాత హైడ్రాక్సీయూరియా అనే మందు ప్రతి నెలా అందాలి, మధ్యమధ్య రక్తం చూడాలి. నా దగ్గరకు ఒక పదహారేళ్ల అమ్మాయి రెండు రోజులు నడిచి వచ్చేది. మందు వాడినన్నాళ్లు నొప్పులు తగ్గి చిన్నగా నవ్వడం నేర్చుకుంది. ఒక వేసవిలో వాళ్ల వైపు కూంబింగ్ ఎక్కువై మూడు నెలలు రాలేదు. నాలుగో నెల వచ్చినప్పుడు ఛాతీ పట్టేసి ఊపిరి అందని స్థితిలో ఉంది. ఆ అమ్మాయి బతికింది. రాలేకపోయిన మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు.

క్షయ_పర్యవేక్షకుడు
క్షయ వార్డులో మాకు 'మధ్యలో మానేసినవారు' అని ఒక గడి ఉంటుంది. అందులో పడిన ఒక రోగి కోసం బండి మీద, తర్వాత కాలినడకన వెతుక్కుంటూ వెళ్లాను. ఊళ్లో కాల్పులు జరిగాక కుటుంబం చెల్లాచెదురైంది. ఆయన మందు మానేయలేదు, మందు ఉన్న చోటు నుంచి తరిమివేయబడ్డాడు. అప్పటి నుంచి లోపలి ఊళ్ల రోగులకు రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇస్తున్నాను. నియమం ఒప్పుకోదని నాకు మెమో వచ్చింది. ఆయన మాత్రం ఆరు నెలల కోర్సు పూర్తిచేశాడు.

వానాకాలం_డాక్టర్
ఈ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించలేను. రెండు నెలల మాత్రలు చేతికిచ్చాక దుష్ఫలితాలు వస్తే చూసేవారెవరు? కళ్లు పచ్చబడినా మింగుతూనే ఉంటే కాలేయం దెబ్బతింటుంది. సగం మింగి సగం మానేస్తే మందుకు లొంగని క్షయ వస్తుంది, అది ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది.

క్షయ_పర్యవేక్షకుడు
మీ భయం నాకూ ఉంది డాక్టర్ గారూ. అందుకే ఆ ఊరి మితానిన్‌కు కళ్లు, గోళ్లు చూడడం నేర్పించాను. నెల మందు ఇచ్చి రెండో నెలకు రాలేకపోతే వచ్చే నష్టం ఖాయం, రెండు నెలలది ఇస్తే వచ్చే నష్టం సందేహం. ఆ రెండింట్లో నేను రెండోది ఎంచుకున్నాను.

బెటాలియన్_మెడిక్
రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నేను కేంద్ర బలగాల్లో మెడికల్ అసిస్టెంట్‌ను, సుక్మాలోని ఒక క్యాంపులో మూడేళ్లు ఉన్నాను. మా జవాన్లకూ ఫాల్సిపారం వస్తుంది, మేమూ మనుషులను పోగొట్టుకున్నాము. కానీ మా జవాను కాలు మందుపాతర మీద పడితే హెలికాప్టరు వస్తుంది, వాతావరణం అనుకూలిస్తే అదే రోజు రాయ్‌పూర్‌లో ఆపరేషన్ టేబుల్ మీద ఉంటాడు.

ఒక ఉదయం తునికాకు కోయడానికి వెళ్లిన ఆడమనిషి అదే రకం మందుపాతర మీద కాలు పెట్టింది. రక్తం ఆగేలా నేను కట్టు కట్టాను, సెలైన్ పెట్టాను. మా కమాండర్ మంచి మనిషి, చాలా ప్రయత్నించి వాహనం ఇప్పించారు. అయినా దారి శుభ్రంగా ఉందని తేల్చుకుని కదిలేసరికి మధ్యాహ్నం దాటింది. కాలు మోకాలి పైదాకా తీసేశారు. ఒకే గాయం, ఒకే అడవి. ఆ తేడాను నేను మరచిపోలేకపోతున్నాను.

మా క్యాంపు గేటు దగ్గర రోజూ మందులిచ్చేవాణ్ణి. కొందరు వచ్చేవారు. మరికొందరు ఎందుకు రావడం లేదో నాకు మొదట అర్థం కాలేదు.

కోయ_బిడ్డ
అన్నా, మీరు ఆ అక్కకు కట్టు కట్టినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రానివాళ్ల సంగతి చెబుతాను. గేటు దగ్గర నిలబడినవాణ్ణి ఊరంతా చూస్తుంది. మాత్ర మంచిదే, ఇచ్చిన మనిషీ మంచివాడే, కానీ ఆ గేటు దగ్గరకు వెళ్లాడన్న మాట మాత్రం మనిషిని వదలదు. ఇన్‌ఫార్మర్ అన్న అనుమానం మీద ప్రాణాలు పోయిన ఊళ్లు మావి. అందుకే ఆసుపత్రి ఆసుపత్రిగానే ఉండాలని అడుగుతున్నాము.

బెటాలియన్_మెడిక్
అర్థమైంది తమ్ముడూ. నాకు అప్పుడు ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే ఆ మందులు మితానిన్ ఇంటికి చేర్చి ఉండేవాణ్ణి.

శబరి_గట్టు
ఈ రెండు మూడేళ్లలో రోడ్లు పడుతున్నాయి, టవర్లు వస్తున్నాయి, పామేడు వైపు కూడా దారి మారింది. ఇక ఈ చర్చ పాతబడుతుందేమో.

తల్లీబిడ్డల_తోడు
రోడ్డు పడితే అంబులెన్సు వస్తుంది, అది చిన్న విషయం కాదు. కానీ గిరిజన ప్రాంతంలో 20 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 3 వేలకు ఒక ఉపకేంద్రం ఉండాలన్నది నియమం. భవనం లేచాక అందులో రాత్రిపూట కాన్పు చేసే మనిషి ఉండాలి. కోయ భాష వచ్చిన మనిషి అయితే మరీ మంచిది. ఇరవై ఏళ్లు ఆసుపత్రికి వెళ్లడమే ప్రమాదమని నేర్చుకున్న తల్లి, రోడ్డు వేసిన మర్నాడే బండెక్కి రాదు.

సరిహద్దు_సిస్టర్
మీ పోస్టులన్నీ చదివాక నా రిజిస్టర్‌లో స్కేలుతో గీతలు గీసి నాలుగు కొత్త గడులు పెట్టాను. జ్వరం మొదలైన రోజు, ఇంటి నుంచి బయలుదేరిన రోజు, ఆలస్యానికి కారణం, దారిలో ఆపినవారు. వచ్చే సమీక్షకు ఈ రిజిస్టర్ తీసుకెళ్తాను. డాక్టర్ గారు చెప్పినట్టు ఆరో రోజు జ్వరాలను విడిగా చూపిస్తాను.

చట్టం_చదివే_అమ్మాయి
అక్కా, దయచేసి చివరి రెండు గడులూ కొట్టేయండి. ఆ రిజిస్టర్ రేపు ఎవరి చేతికైనా వెళ్లవచ్చు. ఫలానా ఊరి ఫలానా మనిషి, తనను ఫలానావాళ్లు ఆపారని చెప్పినట్టు మీ చేతిరాతలో ఉంటుంది. రోగి వైద్యం కోసం చెప్పిన మాట అతని మీద సాక్ష్యంగా మారకూడదు.

కోయ_బిడ్డ
నేనూ ఇదే రాయబోయాను. ఆ ప్రశ్న వేస్తారని తెలిస్తే వచ్చేవాళ్లు కూడా రారు.

సరిహద్దు_సిస్టర్
ఆ ఆలోచన నాకు తట్టనే లేదు. ఇప్పుడే రెండు గడులూ కొట్టేశాను, రాసిన పేజీని తీసేశాను. రోజులు మాత్రమే ఉంచుతాను. మాస్టారు చెప్పిన రెండు ఆలస్యాలూ ఆ రెండు తేదీలను, ఇక్కడ చేరిన సమయాన్ని కలిపి చూస్తే కనిపిస్తాయి. ఎవరి పేరూ అక్కర్లేదు.

క్షయ_పర్యవేక్షకుడు
ఖాళీ అయిన చోట 'మళ్లీ చూపించుకున్న తేదీ' అని ఒక గడి పెట్టండి సిస్టర్. తగ్గి వెళ్లాడని రాసిన మనిషి నిజంగా తగ్గాడో లేదో అక్కడ తెలుస్తుంది. గడి ఖాళీగా ఉన్నా అది కూడా మనకు ఒక సమాచారమే.

లెక్కల_మాస్టారు
రెండు వానాకాలాలు అలా రాయండి. పేర్లు తీసేసి పంపితే పట్టిక వేసే పని నేను చేస్తాను.

సరిహద్దు_సిస్టర్
తప్పకుండా మాస్టారూ. ఒక ఇబ్బంది మాత్రం మొదటి రోజే ఎదురైంది. జ్వరం ఏ తారీఖున మొదలైందని అడిగితే ఎవరూ చెప్పలేకపోతున్నారు. చాలా రోజులైందని మాత్రమే అంటున్నారు.

కోయ_బిడ్డ
తారీఖు అడగకండి అక్కా. మా పెద్దవాళ్లు రోజులను సంతతో లెక్కపెడతారు. జ్వరం వచ్చింది సంతకు ముందా తర్వాతా, సంత అయ్యాక ఎన్ని రాత్రులకు వచ్చింది అని అడగండి, సరిగ్గా చెబుతారు. ఏ ఊరి వాళ్లకు ఏ వారం సంతో నేను కాగితం మీద రాసి పంపిస్తాను. ఆ ప్రశ్నను కోయలో ఎలా అడగాలో మా అమ్మ చేత చెప్పించి రికార్డు కూడా చేస్తాను. ఈ ఆదివారం అమ్మను తీసుకుని మీ ఆసుపత్రికి రావచ్చా?

సరిహద్దు_సిస్టర్
రండి. నాకు ఆదివారం పగటి డ్యూటీయే.